పచ్చ గుడ్డ ముందు మా ఆవిడ

3వ తారీఖు, ఆదివారం

తీర్మానం! ఈ డైరీ సాక్షిగా రాస్తున్నాను. మా ఆవిడ వీడియోలో వెనక ఉన్నదంతా నేనే తీసేస్తాను. నేనే! ఎవర్నీ అడగను. ముఖ్యంగా మరదలిని అడగను.

సంగతేమిటంటే, పిల్లల ఆసుపత్రి వాళ్ళు ఒక బొమ్మల సినిమా తీయిస్తున్నారు. ఆపరేషన్‌కి ముందు పిల్లలకి చూపించడానికి. ఒక కుందేలు గొంతు ఆపరేషన్‌కి వెళ్తుంది, భయపడుతుంది, నయమై ఇంటికొస్తుంది. అదీ కథ. వినపడని పిల్లలు కూడా వస్తారు కదా, వాళ్ళ కోసం అదే కథని కుందేలు పక్కన నిలబడి సైగల్లో చెప్పమని మా ఆవిడని అడిగారు. మా ఆవిడకి పుట్టుకతోనే వినపడదు. ఆవిడ సైగల్లో కథ మొదలుపెట్టిందంటే, వినపడేవాళ్ళు కూడా చేతిలో పని వదిలేసి చూస్తారు.

బొమ్మలు గీసే ఆయన (ఇకనుంచి బొమ్మలాయన) చెప్పింది ఒక్కటే. "సార్, మేడమ్ వెనక ఏమీ ఉండకూడదు. గోడ వద్దు, రంగు వద్దు. మనిషి మాత్రమే రావాలి. ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబెట్టి తీసి, ఆ రంగు తీసేసి, ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్‌తో పంపండి. కుందేలు పక్కన నేను అతికించుకుంటాను."

ట్రాన్స్‌పరెంట్ గురించి నాకు చెప్తాడా! కళ్ళద్దాల షాపు నాది. పొద్దున్న షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ నేను అమ్మేదే అది.

భోజనాల దగ్గర మరదలు పకపకా నవ్వింది. మా ఆవిడ చెల్లెలు, వీడియోలు ఎడిట్ చేయడమే ఉద్యోగం. "బావా, మొన్న నీ ఫోన్‌లో టార్చి లైటు ఎలా ఆర్పాలో తెలీక నాకు ఫోన్ చేశావు. గుర్తుందా?"

అమ్మ కూడా నవ్వింది. కన్నతల్లి!

నాకు ఒళ్ళు మండింది. "నిన్ను అడిగితే నా పేరు మార్చుకుంటా" అన్నాను.

మరదలు అదే మాట అక్షరం పొల్లుపోకుండా అక్కకి సైగల్లో చెప్పేసింది. మా ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, తీరిగ్గా వచ్చి నా ముందు నిలబడి సైగ చేసింది. "నేను సాక్షిని."

పదిహేనో తారీఖుకి ఇవ్వాలి. బోలెడంత టైముంది!

కావాల్సినవి:
పచ్చ గుడ్డ.
లైట్లు (షాపులోవి).
కంప్యూటరు (ఉంది).
ధైర్యం (కొండంత).

అదే రోజు, సాయంత్రం

ఒక సంగతి రాయకుండా ఉండలేను. "డబ్బులు కూడా పెద్దగా ఇవ్వరు, ఎందుకు ఒప్పుకున్నావు?" అని ఊరికే అడిగాను. మా ఆవిడ చెప్పింది.

తనకి ఐదేళ్ళప్పుడు గొంతు ఆపరేషన్ అయింది. డాక్టరు ఇంట్లో వాళ్ళకి చెప్పాడు. నర్సు చెప్పింది. అందరూ నోళ్ళతో చెప్పుకున్నారు. తనకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ సైగలు రావు. ఎవరో ఎత్తుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టారు, ముఖం మీద ఏదో మూత పెట్టారు. లేచేసరికి గొంతు మంట.

"నేనేం తప్పు చేశానా అని చాలా రోజులు ఆలోచించాను" అంది.

పెళ్ళై ఇన్నేళ్ళైంది. ఇది నాకు ఇవాళే తెలిసింది. ఈ వీడియో చేసి తీరతాను.

4వ తారీఖు, సోమవారం

నెట్‌లో పాఠం చూశాను. ఒక కుర్రాడు గుడ్డ ముందు నిలబడ్డాడు, ఏదో నొక్కాడు, గుడ్డ పోయింది. వెనక సముద్రం వచ్చింది. ఇంతేనా! దీనికా మరదలు అంత బిల్డప్ ఇచ్చింది?

షాపులో జనం. గుడ్డ కొనడానికి వెళ్ళే తీరిక లేదు. అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, బజారు నుంచి వచ్చేటప్పుడు ఒక పచ్చ గుడ్డ పట్టుకురా. గోడంత ఉండాలి. మెరవకూడదు, పూలూ చుక్కలూ ఉండకూడదు. పచ్చగా ఉండాలి, అంతే."

"ఒరేయ్, గుడ్డలు కొనడం నాకు నేర్పుతావా?" అంది.

పని ఎవరికి ఏది అప్పగించాలో తెలిసినవాడే మేనేజర్.

5వ తారీఖు, మంగళవారం

అమ్మ గుడ్డ తెచ్చింది. గోడంత ఉంది. మెరవదు. పూలు లేవు. పసుపు రంగు!

"ఇదేంటమ్మా?"

"పచ్చ గుడ్డ."

"ఇది పసుపు!"

"పచ్చ అంటే పసుపే కదరా. నీకు ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అని ఏడవాలి. పచ్చగా ఉండాలి, పచ్చగా ఉండాలి అని రెండుసార్లు అన్నావు. షాపులో ఉన్నవాటిల్లో దీనికంటే పచ్చగా ఇంకేదీ లేదు."

నేను చొక్కా చింపుకోవడం ఒక్కటే తక్కువ. మా ఆవిడ మధ్యలోకి వచ్చి గొడవేంటని అడిగింది. చెప్పాను. గోడకి చేరగిలబడి నవ్వింది. "మా భాషలో ఆకుపచ్చకి ఒక సైగ, పసుపుపచ్చకి ఇంకో సైగ. పొరపాటు పడమన్నా పడలేం. మీ నోటి మాటలతోనే వచ్చింది తంటా అంతా."

షాపువాడు కోసిన గుడ్డ వెనక్కి తీసుకోడట. ఫర్వాలేదు! ఆలోచించగా తేలిందేమిటంటే, రంగు ఏదైతేనేం? ఒకే రంగు అయితే చాలు. ఆ పాఠంలో కుర్రాడు కూడా "ఒకే రంగు ఉండాలి" అనే అన్నాడు. తర్వాత ఇంకేదో అన్నాడు గానీ అప్పటికే నేను ఆపేశాను.

పడకగదిలో బీరువా జరిపాం. గుడ్డ గోడకి కొట్టాం. షాపు లైట్లు పెట్టాం. మా ఆవిడ ముదురు నీలం చొక్కా వేసుకుని నిలబడి మొత్తం కథ ఒక్క ఊపులో చెప్పేసింది. చివర్న కుందేలుతో చెప్పే మాట ఉంటుంది. "నువ్వు నిద్రపోతావు. లేచేసరికి అయిపోతుంది. పక్కనే అమ్మ ఉంటుంది." ఆ మూడు ముక్కలు ఆవిడ చేతుల్లో చూస్తే నాకే నిద్రపోవాలనిపించింది.

సగం పని అయిపోయింది!

7వ తారీఖు, గురువారం

సాఫ్ట్‌వేర్‌లో కంటిమందు చుక్కలు వేసే గొట్టం బొమ్మ ఉంది. నా వృత్తి వస్తువే, శుభసూచకం! దాంతో ఏ రంగు మీద నొక్కితే ఆ రంగు మాయమైపోతుంది. పచ్చ గుడ్డ మీద నొక్కాను. గుడ్డ మాయం. అద్భుతం!

మా ఆవిడ కూడా మాయం.

మొత్తం కాదు. చొక్కా ఉంది. జుట్టు ఉంది. కళ్ళజోడు ఉంది. ముఖం, చేతులు లేవు. షాపు లైట్లు కొంచెం పసుపు వెలుగువి. ఆ వెలుగులో ఒంటి రంగుకీ గుడ్డ రంగుకీ పెద్ద తేడా లేదట. గుడ్డతో పాటు ఆవిణ్ణి కూడా ఊడ్చేసింది. కంప్యూటరు నాకు చెయ్యిచ్చింది, మా ఆవిడ చేతులు మాత్రం తీసేసుకుంది.

మా ఆవిడ వచ్చి చూసింది. గాల్లో తిరుగుతున్న ఖాళీ చొక్కాని చూసింది. "ఇందులో నేను ఏం మాట్లాడుతున్నాను?" అని అడిగింది.

నేను కుర్చీ జరిపి తెరకి అడ్డంగా కూర్చున్నాను.

"నా నోరు కోసేశావు" అంది.

అమ్మకి సైగలు బాగానే వచ్చు. వెంటనే అందుకుంది. "పెళ్ళాం నోరు మూయించాలని చూసే మగాళ్ళని చూశాను గానీ, ఇలా కత్తిరించి పారేసినవాణ్ణి నిన్నే చూశాన్రా."

గుడ్డ తెచ్చిందెవరమ్మా? అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

8వ తారీఖు, శుక్రవారం

ఇవాళ ఏమీ చేయలేదు. కారణాలు:

షాపులో గిరాకీ.
ఒక పెద్దాయన తన కళ్ళజోడు మీద తనే కూర్చున్నాడు. అత్యవసరం.
మెడ నొప్పి.
మూడ్ లేదు.

రేపట్నుంచి గట్టిగా పట్టుకుంటా. మరదలు ఫోన్ చేసింది. "ఎంతవరకు వచ్చింది బావా?" "అయిపోవచ్చింది" అన్నాను. అబద్ధమేమీ కాదు, దేనికైనా అయిపోయే రోజు ఒకటి వస్తుంది కదా.

9వ తారీఖు, శనివారం

ఆకుపచ్చ గుడ్డ! నేనే వెళ్ళాను. షాపువాడితో "ఆకు రంగు. ఆకు! చెట్టుకి ఉంటుంది చూడు, ఆకు!" అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చూడనీ.

గుడ్డకి మడతలు. మడత ఉన్నచోట నీడ పడుతుంది, నీడ ఉంటే రంగు సరిగ్గా పోదు (పాఠం ఈసారి కాస్త ఎక్కువసేపు చూశాను). అమ్మ ఇస్త్రీ చేసింది. గోడంత గుడ్డ. ఇస్త్రీ అయ్యేవరకు నన్ను తిడుతూనే ఉంది. తిట్టు తిట్టుకి ఒక మడత పోయింది.

మా ఆవిడ మళ్ళీ మొత్తం కథ చెప్పింది. సాయంత్రం కంప్యూటర్‌లో నొక్కాను. గుడ్డ పోయింది. ముఖం ఉంది! చేతులు ఉన్నాయి! వేళ్ళు లెక్కపెట్టాను, పదీ ఉన్నాయి! ఎగిరి గంతేశాను.

దగ్గరికెళ్ళి చూశాను. కళ్ళు లేవు.

కళ్ళున్నచోట రెండు బొక్కలు. తల కదిపినప్పుడల్లా కళ్ళజోడు లోపల భాగం మాయమై, అవతలి వైపు కనిపిస్తోంది. ఏం జరిగిందో అర్థం కావడానికి అరక్షణం కూడా పట్టలేదు. ఇది నా సబ్జెక్టు! ఆ అద్దాల మీద మెరుపు రాకుండా పూత వేయించింది నేనే. ఖరీదైనది, మంచిది. దాని మీద లైటు పడితే పక్కకి లేత ఆకుపచ్చ నిగారింపు వస్తుంది. ఆ ఆకుపచ్చని కూడా సాఫ్ట్‌వేర్ ఊడ్చేసింది. పెళ్ళిరోజుకి నేనిచ్చిన కానుక అది! ఇచ్చినప్పుడు "లోకంలో ఇంతకన్నా స్పష్టంగా చూపించేది లేదు" అని గొప్పలు పోయాను.

మా ఆవిడ తెర మీద ఆ బొక్కల ముఖం చూసుకుని, "ఆసుపత్రి పిల్లలు దీన్ని చూస్తే మంచం కింద దూరతారు" అంది.

10వ తారీఖు, ఆదివారం

ఇవాళ నా రోజు.

కళ్ళజోడు తీసేసి చెప్పమందామంటే ఆవిడకి దూరం ఆనదు. కెమెరా పక్కన నిలబడి కుందేలు ఎప్పుడు ఏం చేస్తుందో నేనే సైగ చేయాలి, ఆవిడ చూడాలి. అందుకని సెలవు రోజైనా షాపు తెరిచి, ఏ పూతా లేని మామూలు అద్దాలు ఒక జత కోశాను. అంచులు నునుపు చేసి ఫ్రేములో కూర్చోబెట్టాను. ఈ చేతులు పనికిమాలినవేం కావు. కంప్యూటరు ముందు మాత్రమే అలా అయిపోతాయి.

మా ఆవిడ పెట్టుకుని, "పాత రకం" అంది. "పాత రకమే. లైటు తగిలితే కాస్త తెల్లగా మెరుస్తుంది, అంతే" అన్నాను.

మూడోసారి కథ చెప్పింది. మూడోసారీ విసుక్కోలేదు. మొదటిసారి కంటే బాగా చెప్పింది. కుందేలు భయపడే చోట భుజాలు కాస్త ముడుచుకుంది, ఇంతకుముందు అలా చేయలేదు. కెమెరా వెనక నుంచి చూస్తుంటే, బల్ల మీద పడుకోబెట్టిన ఐదేళ్ళ పిల్ల గుర్తొచ్చి నేను సైగలు అందించడం మర్చిపోయాను. తనే సర్దుకుని ముందుకెళ్ళిపోయింది.

నొక్కాను. గుడ్డ పోయింది. మనిషి మొత్తం ఉంది. కళ్ళు, వేళ్ళు, వెంట్రుకల చివర్లు అన్నీ!

మరదలా, ఇక నీ ఉద్యోగం చూసుకో.

12వ తారీఖు, మంగళవారం

నిన్న ఎక్స్‌పోర్ట్ కొట్టి, ఫైలు తయారయ్యాక పంపి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. ఇవాళ బొమ్మలాయన ఫోన్.

"సార్, మేడమ్ వెనక నల్లగా ఉంది."

"నలుపు కాదండీ, ఖాళీ. నేనే తీసేశాను."

"ఖాళీగా లేదు సార్. కుందేలు పక్కన పెడితే నల్ల డబ్బాలో నిలబడ్డట్టుంది. కుందేలు సగం కనబడట్లేదు. మీరు ఎంపీఫోర్‌లో పంపారు. మామూలు ఎంపీఫోర్‌లో ఖాళీ నిలవదు సార్, నలుపైపోతుంది. ఆల్ఫా ఉన్న ఫార్మాట్‌లో పంపండి."

"ఓహో, ఆల్ఫా! అదే కదా!" అన్నాను. ఆల్ఫా అంటే ఏమిటో నాకు తెలిస్తే ఒట్టు.

ఆయనే మళ్ళీ అన్నాడు. "సార్, మీరేం అనుకోకండి. శుక్రవారం ఆసుపత్రికి ఇచ్చేయాలి. కుదరకపోతే మేడమ్ లేకుండానే ఇచ్చి, కింద అక్షరాలు వేసేస్తాను."

అక్షరాలు! ఐదేళ్ళ పిల్లలకి!

ఈ ముక్క మా ఆవిడకి చెప్పకుండా ఉండాల్సింది. దాచడం నాకు చేతకాదు, ముఖంలో తెలిసిపోతుంది. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. మంచం మీద కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. మా ఇంట్లో నిశ్శబ్దం అంటే అదే. టీవీ మోగుతున్నా, కుక్కర్ కూస్తున్నా, ఆవిడ చేతులు ఒళ్ళో ఉంటే ఇల్లంతా మూగబోతుంది.

"చేస్తాను" అని సైగ చేశాను. తల ఊపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

13వ తారీఖు, బుధవారం

మరదలిని అడగొచ్చు. ఒక్క ఫోన్. అడగను. పరువు అనేది ఒకటుంటుంది.

(ఇది రాశాక ఫోన్ మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. టైమ్ చూసుకోవడానికి.)

14వ తారీఖు, గురువారం

తలప్రాణం తోకకొచ్చింది.

పొద్దున్న షాపు మూసి ఇంట్లోనే కూర్చున్నాను. ఎక్స్‌పోర్ట్ అన్నచోట ఇన్ని రకాలున్నాయని నాకు తెలీదు, అందుకే చూడలేదు. ఒకదాని పక్కన "ఆల్ఫాతో" అని ఉంది. దొరికావు దొంగా! నొక్కాను. కంప్యూటరు చాలాసేపు గుర్రుపెట్టింది. ఫైలు వచ్చింది, కొండంత. తెరిచి చూశాను.

వెనక నలుపు!

తీసి చెత్తబుట్టలో పడేశాను. మళ్ళీ చేశాను. నలుపు. చెత్తబుట్ట. ఇంకో రకం ప్రయత్నించాను. "స్థలం చాలదు" అంది. స్థలం కోసం వెతికితే ఆకుపచ్చ గుడ్డ ముందు తీసిన అసలు వీడియో పెద్దగా కూర్చుని ఉంది. గుడ్డ తీసేశాం కదా, ఇక దీంతో పనేముంది అనుకున్నాను. నన్నెవరూ ఆపలేదు. దాన్ని చెత్తబుట్టలో కూడా వేయకుండా నేరుగా తుడిచేశాను. "శాశ్వతంగా పోతుంది, సరేనా?" అని అడిగింది పాపం. సరే అన్నాను.

మళ్ళీ ఎక్స్‌పోర్ట్ కొట్టాను. "అసలు వీడియో కనబడటం లేదు" అంది.

అప్పుడు అర్థమైంది ఏం చేశానో.

మూడుసార్లు విసుక్కోకుండా చెప్పిన కథ. ముడుచుకున్న ఆ భుజాలు. పోయాయి. రేపు ఇవ్వాలి. చేతులెత్తేశాను. నిజంగానే, కుర్చీలో కూర్చుని రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. "ఇది ఏ భాష?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

ఫోన్ చేశాను. చేశాను! రాసేస్తున్నాను, దాచుకోవడం ఎందుకు. "అమ్మాయ్..." అన్నాను. అంతే. ఆ ఒక్క మాటకే మరదలికి అంతా అర్థమైపోయింది. "వస్తున్నా బావా, ఏదీ ముట్టుకోకు" అంది. మధ్యాహ్నానికి వచ్చేసింది. ఒక్క జోకు వేయలేదు. జోకులు వేస్తే బావుండేదేమో.

చెత్తబుట్ట తెరిచింది. ముందు పారేసిన ఫైలు తీసింది. "ఇదేంటి?"

"తప్పు వచ్చింది. వెనక నలుపు."

మరదలు నావైపు చూసింది. ఆ ఫైలుని తన సాఫ్ట్‌వేర్‌లోకి లాగి, దాని అడుగున ఇంకో పొరగా ఎర్ర రంగు పెట్టింది. మా ఆవిడ వెనక ఎరుపు. నీలం పెట్టింది. నీలం. సముద్రం పెట్టింది. మా ఆవిడ అలల ముందు నిలబడి కుందేలుకి ధైర్యం చెబుతోంది.

"బావా, ఇది పొద్దున్నే కరెక్టుగా వచ్చేసింది. వెనక ఏమీ లేనప్పుడు, నువ్వు చూసే ప్లేయర్ ఆ ఏమీ లేనిదాన్ని నల్లగా చూపిస్తుంది. అంతే. వచ్చినదాన్ని నువ్వే తీసి చెత్తబుట్టలో పడేశావు."

మా ఆవిడ అలల వంక చూస్తూ, ఒళ్ళోంచి చేతులు తీసి చెల్లెలి రెండు బుగ్గలూ పట్టుకుంది. తర్వాత నా తల మీద ఒక్క మొట్టికాయ వేసింది. ఇంతకన్నా తియ్యటి మొట్టికాయ నా జన్మలో తినలేదు.

15వ తారీఖు, శుక్రవారం

ఫైలు పంపాం. బొమ్మలాయన "సూపర్ సార్, ఎడ్జెస్ భలే వచ్చాయి!" అన్నాడు. మరదలు పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. మంచి పిల్ల.

తర్వాత పంచాయితీ పెట్టారు. అక్కాచెల్లెళ్ళు, అమ్మ. నేను ముద్దాయిని.

"పేరు మార్చుకుంటానన్నావు" అంది మరదలు.

"అది మాట వరసకి..."

"నేను సాక్షిని" అంది మా ఆవిడ.

ఆవిడ లోకంలో ప్రతి మనిషికీ ఒక సైగ పేరుంటుంది. నాకు ఇన్నేళ్ళూ ఉన్న పేరు కళ్ళద్దాలు. రెండు చేతుల వేళ్ళూ సున్నాలు చుట్టి కళ్ళకి పెట్టుకోవడం. ఇవాళ్టితో అది రద్దు. కొత్త పేరు మా ఆవిడే పెట్టింది. ఒక చెయ్యి ఎత్తి చూపిస్తుంది, రెండో చేత్తో దాన్ని మెల్లగా కప్పేసి మాయం చేస్తుంది. అదే నేను. చెయ్యి మాయం.

అమ్మ వెంటనే నేర్చుకుంది. సాయంత్రం కాఫీకి నన్ను ఆ పేరుతోనే పిలిచింది.

27వ తారీఖు, బుధవారం

ఆసుపత్రిలో సినిమా మొదటిసారి వేస్తున్నామని పిలిచారు. మా ఆవిడా నేనూ వెళ్ళాం. వార్డు గోడకి పెద్ద టీవీ. పిల్లలు మంచాల మీద కూర్చుని చూశారు. ఒక పాపకి వినపడదు. గొంతు ఆపరేషన్ రేపే. వాళ్ళమ్మ దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది.

తెర మీద కుందేలు పక్కన మా ఆవిడ కనబడగానే పాప మంచం మీద లేచి నిలబడింది. సినిమా అయ్యేదాకా కూర్చోలేదు. అయ్యాక పక్కకి తిరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డ మా ఆవిణ్ణి చూసింది. తెర వంక చూసింది. మళ్ళీ మా ఆవిడ వంక చూసింది. చిన్ని చిన్ని వేళ్ళతో అడిగింది.

"అందులోంచి ఎలా వచ్చావు?"

మా ఆవిడ నావైపు చెయ్యి చూపించి, నా కొత్త పేరు సైగ చేసింది. "ఈయన నన్ను కత్తిరించి అందులో అతికించాడు."

జోకే. ఆవిడ నవ్వుతూనే అంది. పాప నవ్వలేదు. నన్ను పైనుంచి కిందకి చూసింది, నా చేతుల్లో కత్తెర ఉందేమోనని వెతికింది. తర్వాత మా ఆవిణ్ణి అడిగింది.

"నొప్పి పుట్టిందా?"

మా ఆవిడ నవ్వు ఆగిపోయింది. వెళ్ళి మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, ముఖాలు రెండూ ఎదురెదురుగా వచ్చేలా. మెల్లగా చెప్పింది.

"లేదు. నిద్రపోయాను. లేచేసరికి అయిపోయింది. పక్కనే మనవాళ్ళు ఉన్నారు."

పాప ఆ మాటలు తన చేతులతో మళ్ళీ చెప్పుకుంది. ఒకసారి తనకి. ఒకసారి వాళ్ళమ్మకి. వాళ్ళమ్మ చేతిలోని దుప్పటి వదిలేసింది.

బయటికొచ్చాక మా ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అప్పుడప్పుడు ఏమీ అడక్కపోవడం కూడా వచ్చు నాకు.

31వ తారీఖు, ఆదివారం

పాప ఇంటికొచ్చేసింది. వాళ్ళమ్మ ఫోన్‌లో చిన్న వీడియో పంపింది. పాప దిండుకి ఆనుకుని, కోపంగా సైగ చేస్తోంది.

"అబద్ధం చెప్పావు. లేచాక కొంచెం నొప్పి పుట్టింది. ఐస్‌క్రీమ్ ఇచ్చారు. తర్వాత తగ్గింది. కుందేలుకి ఇది కూడా చెప్పు."

మా ఆవిడ ఆ వీడియో నాలుగుసార్లు చూసింది. "నిజమే. ఆ ముక్క లేదు. కలపాలి" అంది. బొమ్మలాయన సరే అన్నాడు. కుందేలుకి ఐస్‌క్రీమ్ గీస్తానన్నాడు. "ఆ పాత వీడియోలోనే మధ్యలో ఈ ముక్క అతికిస్తే సరిపోతుంది సార్, రంగులు కలవాలి కాబట్టి గుడ్డతో తీసిన అసలుది పంపండి" అన్నాడు.

అసలుది! శాశ్వతంగా, సరేనా అంటే సరే అన్నానే, అది!

మొత్తం మళ్ళీ తీయాలి. మొదటి నుంచి.

కాబట్టి, తీర్మానం! ఈ డైరీ సాక్షిగా మళ్ళీ రాస్తున్నాను. ఈసారి మొత్తం నేనే చేస్తాను. పాఠం చివరిదాకా చూస్తాను. ఏదీ తుడవను. నల్లగా కనబడితే కంగారుపడను. ఎవర్నీ అడగను. మరదలిని అసలే అడగను. అడిగితే...

మా ఆవిడ భుజం మీంచి చదువుతోంది. "అడిగితే నీ పాత పేరు నీకిచ్చేస్తాం" అని సైగ చేసింది.

వద్దు. ఈ పేరే ఉండనీ. ఆ వీడియో చివర్లో పాప ఒక చెయ్యి ఎత్తి, రెండో చేత్తో మాయం చేసి, "ఆయన్ని కూడా తీసుకురా" అని అడిగింది.

బీరువా జరిపాను. గుడ్డ దించి చూశాను, మళ్ళీ మడతలు. ఇస్త్రీపెట్టె ఎక్కడుందో అమ్మని అడగాలి. అదొక్కటే అడుగుతాను.